సవరల పలుకు నేర్చిన పంతులుగారు

జంషెడ్‌పురమందలి బిష్టుపూరు అంగడివీధిలో సాయంసమయమున ఒక గడియసేపు నిలిచినచో హిందీ, వంగము, ఒడియా, పంజాబీ, తెలుగు మొదలగు పెక్కు భాషలు ఒక్కసారిగ చెవినిబడును. 1907 లో టాటావారి ఉక్కు సంస్థ ఏర్పడినది మొదలు జీవనోపాధికై నలుదెసలనుండి వచ్చి యచట స్థిరపడిన కుటుంబములు అనేకములు. వానిలో తెలుగు కుటుంబములు తక్కువవి కావు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి వలసవచ్చిన శ్రామికుల మనుమలును, మునిమనుమలును నేడచట కాపురమున్నారు. వారికి బిష్టుపూరున ఆంధ్రభక్త శ్రీరామమందిరము కలదు. శ్రీరామకృష్ణ మిషన్‌వారి వివేకానంద సొసైటీయు ఆ పేటయందే కలదు. శ్రీరామకథ చెప్పుకొను చోట శబరి కథ రాక మానదు. పండ్ల రుచి చూచి స్వామి కర్పించిన ఆ వృద్ధురాలిని తలచుకొని కనులు చెమర్చని తెలుగు ఇల్లాలుండదు.

ఆ యిల్లాలే అంగడికి వచ్చి, చుట్టుప్రక్కల పల్లెలనుండి ఆకుకూరలు తెచ్చిన హో స్త్రీలు తమలో తాము మాటలాడుకొనుట వినినచో, అది ఆమె చెవికి అర్థములేని సవ్వడిగ దోచును. ఆ పలుకు, శబరి కులజులుగ సంప్రదాయము చెప్పుకొను సవరల పలుకునకు తోబుట్టువని ఆమెకు చెప్పినవారు లేరు. సింగభూమి హోలు తినుటను జోమ్ అందురు. నీటిని దా అందురు. పదింటిని గెల్ అందురు. ఆమె తాతముత్తాతలు విడిచివచ్చిన వంశధారా తీరమున, కొండలమీది సవరలును ఇంచుమించుగ అట్లే తినుటను జొమ్ అనియు, నీటిని దా అనియు, పదింటిని గెల్జి అనియు అందురు. నడుమనున్నది సుమారు 500 కిలోమీటర్ల కొండలును అడవులును.

నేటి విశ్వవిద్యాలయములలో భాషాశాస్త్రము నభ్యసించు విద్యార్థికి పదనిర్మాణమని యొక పాఠ్యభాగముండును. ధాతువేది, ప్రత్యయమేది, ఏది ముందు చేరును, ఏది వెనుక చేరును, ఏది నడుమ జొచ్చును అను విచారణ అందు జరుగును. 2009 లో చాయిబాసా కేంద్రముగ ఏర్పడిన కొల్హాన్ విశ్వవిద్యాలయమున హో, సంతాలీ మొదలగు భాషలును బోధింపబడుచున్నవి. అట్టి తరగతిలో కూర్చుండు తెలుగు విద్యార్థికి హో పదముల కూర్పు బోధపడుటకు సవరభాషా వ్యాకరణము ఎంతో సాయపడును. ఆ వ్యాకరణమును రచించినవారు, అట్టి తరగతిలో ఒక్క దినమైనను కూర్చుండి యెరుగని మన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. తెలుగునాట ఆయన పేరెరుగని విద్యావంతుడు లేడు. కాని ఆయన జీవితమున ముప్పదియైదేండ్ల కాలమును హరించిన ఈ తపస్సును స్మరించువారు తక్కువ.

పంతులుగారు 1863 ఆగస్టు 29 న శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున, వంశధారా తీరమందలి పర్వతాలపేటయను గ్రామమున జన్మించిరి. శ్రీ వివేకానందస్వామి జన్మించిన సంవత్సరమును అదియే. తండ్రి వీరరాజుగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి; తల్లి వెంకమ్మగారు. పండ్రెండవ యేటనే తండ్రిని కోల్పోయి, బాలుడు విశాఖపట్టణము చేరి బంధుగృహమున నుండి చదువుకొనెను. 1879 లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థుడయ్యెను. గురజాడ అప్పారావుగారు అప్పటి సహాధ్యాయి. తరువాత కళాశాలకు పోవుటకు ఇంటి పరిస్థితి అనుకూలింపలేదు. 1880 లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై మొదటి ఫారము పిల్లలకు చరిత్ర బోధించు ఉపాధ్యాయుడయ్యెను. అప్పటికి ఆయనకు పదునేడేండ్లు.

ఇక నేర్చినదంతయు స్వయంకృషియే. ఉద్యోగము చేయుచు ప్రైవేటుగ చదివి 1886 లో ఎఫ్.ఏ. పరీక్షను, 1896 లో బి.ఏ. పరీక్షను గడచిరి. చరిత్ర చెప్పువానికి శాసనములు చదువ రాకున్న నెట్లని తలచి, గురువు లేకయే లిపిశాస్త్రము నేర్చి ముఖలింగాలయములలోని శాసనములను చదివిరి. గాంగరాజుల కళింగనగరము ఈ ముఖలింగమే యని వాదించిరి. ఒక విషయమును పట్టినచో దాని మొదలంటువరకు విడువని స్వభావము ఆయనది. ఈ స్వభావమే తరువాత ఆయనను కొండలెక్కించినది.

పర్లాకిమిడి పట్టణమునకు కొండలు దూరము కావు. అడవి పంటలను తట్టల కెత్తుకొని సవరలు సంతకు దిగివచ్చుచుందురు. వారికి తెలుగు రాదు, ఒడియా రాదు, లెక్క రాదు. నడుమ దుబాసీలుగ నిలిచినవారు చెప్పినదే ధర, పెట్టినదే కొలత. కచ్చేరీలలోను అంతియే. తన మొర తాను చెప్పుకొనలేని మనుష్యునికి న్యాయము ఎట్లు దొరకును? వీరికి చదువు చెప్పవలెనని పంతులుగారికి తోచినది. చెప్పవలెనన్న వారి మాట తనకు రావలెను. తెలుగు నేర్చుకొని రమ్మని వారిని నిర్బంధించుట ఆయనకు తట్టనేలేదు. తానే వారి భాష నేర్చుకొనదలచిరి. మన దేశమున కొండజాతులకు చదువు చెప్ప బూనినవారు పెక్కుమంది ఈ రెండవ మార్గమును త్రొక్కలేదని యిచట చెప్పక తప్పదు.

ఐతరేయ బ్రాహ్మణమున విశ్వామిత్రుని శాపగ్రస్తులైన పుత్రుల సంతతివారిని పేర్కొను పట్టున ఆంధ్రులును, శబరులును ఒక్క వరుసలో పేర్కొనబడినారు. శ్రుతి యిద్దరను సోదరులనినది. కాని 19 వ శతాబ్దపు చివర ఒక తెలుగు బ్రాహ్మణ గృహమున ఆ సోదరత్వమును ఆచరణలో పెట్టుట ఎట్టిదో చదువరులు ఊహించుకొనగలరు. పంతులుగారు తెలుగును సవరయు రెండును వచ్చిన యొక వ్యక్తిని తీసికొనివచ్చి తన యింటనే ఉంచుకొనిరి. ఆయనయే గురువు, ఆయనయే గ్రంథము. ఇంతకంటె వేరు విశ్వవిద్యాలయము పంతులుగారికి లభింపలేదు.

అక్షరములు లేని భాషను నేర్చుట ఎంత కష్టమో పుస్తకములతో నేర్చినవారికి తెలియదు. చేతిని చూపి దీని పేరేమని యడిగినచో, ఎదుటివాడు చేయి అని చెప్పునో, నా చేయి అని చెప్పునో, నీ చేయి అని చెప్పునో తెలియదు. వచ్చినది ధాతువో, ప్రత్యయముతో కూడిన పదమో తెలియదు. ఒకే మాటను పది సందర్భములలో విని, మారినదేమి, మారనిదేమి అని వేరుచేయవలెను. బియ్యములో రాళ్లేరు ఇల్లాలి ఓర్పు దీనికి కావలెను. సవరభాషలో మాట చివర గొంతు బిగబట్టి విడుచు ధ్వనులున్నవి. అవి తెలుగు వర్ణమాలలో లేవు. వానిని విని గుర్తించుటకే చెవికి ఎంతయో శిక్షణము కావలెను.

ఆ శిక్షణమైన పిదప పంతులుగారికి కనబడిన శబ్దప్రపంచము అద్భుతమైనది. తెలుగున ప్రత్యయములు పదము వెనుక వరుసగ చేరును. సంస్కృతమున సమాసము లెంత దీర్ఘములైనను నామపదములు క్రియలోనికి జొరబడవు. సవరభాషలో నామము క్రియ కడుపులోనికే పోవును. పంతులుగారు తమ వ్యాకరణమున చూపిన యుదాహరణ మొకటి నేటికిని లోకమందలి భాషాశాస్త్ర గ్రంథములలో కానవచ్చును: పోపుఙ్‌కూన్‌తమ్. ఇది వాక్యము కాదు, ఒక్కటే పదము. పో అనగా పొడుచుట. పుఙ్ అనగా కడుపు. కూన్ అనగా కత్తి. తకారము జరుగబోవు కాలమును తెలుపును. అమ్ అనగా నిన్ను. కత్తితో నీ కడుపున పొడుచును అని చెప్పుటకు తెలుగువానికి నాలుగు పదములు కావలెను. సవరకు ఒక్కటి చాలును. ఉదాహరణము కొంచెము కఠినమే. సాధువులు చదువు పత్రికలో దీని నుదహరించినందుకు క్షమింప వేడెదము. పంతులుగారు పుస్తకములనుండి గాక మనుష్యుల నోటినుండి మాటల నేరినవారు. మనుష్యులు ఎల్లప్పుడు శాంతివచనములే పలుకరు గదా. కడుపునకును కత్తికిని విడిగా వాడునప్పుడు ఇంతకంటె పొడవైన రూపములున్నవి. క్రియలోనికి పోవునప్పుడు, ఇరుకు వాకిట తల వంచుకొని దూరు మనుష్యునివలె, ఆ నామములు కుదించుకొనిపోవును. ఏ నామమునకు ఏది కుఱుచరూపమో తెలియక పదమును విడదీయుట సాధ్యము కాదు. ఈ కుఱుచరూపముల నొక్కొక్కటిగ కూర్చుటకు ఎన్ని సంవత్సరములు పట్టియుండునో!

లెక్కయు అట్టిదే. మనకు పది యెట్లో సవరలకు పండ్రెండును అట్లే ఒక మజిలీ. దానిని మిగెల్ అందురు. పదమూడింటిని పదియు మూడును అనక, మిగెల్‌బోయ్, అనగా పండ్రెండును ఒకటియు అందురు. పందొమ్మిది పండ్రెండును ఏడును. ఇరువదితో మరల మొదలు. ముప్పదిమూడు ఇరువదియు, పండ్రెండును, ఒకటియు. ఇది తెలియని వర్తకుడు సవరకు లెక్క రాదని నవ్వుచుండెను. లెక్క రానిది ఎవరికో ఇప్పుడు చదువరులే చెప్పవలెను.

పదము నడుమ అక్షరము జొచ్చుటయు ఈ భాషాకుటుంబపు లక్షణము. హో, ముండారీ భాషలలో దుబ్ అనగా కూర్చుండుట. నడుమ నకారము చేర్చి దునుబ్ అన్నచో సభ యగును. సవరభాషయందును ఇట్టి నకారము క్రియను నామముగ మార్చును. సంస్కృతము చదివినవారికి ఇది బొత్తిగ క్రొత్త కాదు. రుధ్ అను ధాతువు రుణద్ధి యగునపుడు నకారము ధాతువు లోపలికే పోవుటను పాణిని గమనించి, శ్నమ్ అను వికరణమును విధించెను. రెండింటికిని వంశసంబంధము లేదు, ప్రయోజనమును వేరు. కాని అడవిలో అక్షరములు లేక బ్రదుకు జనుల నోటను, మహర్షుల నోటను వాక్కు ఇట్లు ఒకే విచిత్రమార్గమున నడచుట చూచినపుడు, వాగ్దేవికి ఉచ్చనీచములు లేవని తోచును.

పంతులుగారు ఈ కృషి చేయుచున్న కాలముననే లోకమున ఇతరులును ఈ భాషలపై దృష్టి నిలిపిరి. రాంచీ ప్రాంతమున హోఫ్‌మన్ అను క్రైస్తవ గురువు 1903 లో ముండారీ వ్యాకరణము ప్రకటించెను. 1906 లో గ్రియర్సనుగారి భారత భాషాపరిశీలనమున ముండా, ద్రావిడ భాషల సంపుటము స్టెన్ కోనో పండితుని కృషితో వెలువడెను. అదే సంవత్సరమున ష్మిట్ అను జర్మను పండితుడు ముండా భాషలకును, కంబోడియా, వియత్నాము దేశముల భాషలకును బాంధవ్యమును స్థాపించెను. పర్లాకిమిడి పాఠశాలలో జీతమునకు కుదిరిన ఉపాధ్యాయుడు ఇట్టి గ్రంథములను తెప్పించుకొని చదివి, వ్యాకరణము కట్టు పద్ధతిని తనంత తానే నేర్చిరి.

నేర్చినదానిని ఆయన దాచుకొనలేదు. సవరభాషలో పిల్లలకు వాచకములు, కథలు, పాటలు వ్రాసిరి. సొంత ధనముతో కొండపల్లెలలో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములు తామే చెల్లించిరి. 30 రూపాయలతో జీవితమారంభించిన గృహస్థు, సంసారము నీదుచు, ఇట్టి భారమును నెత్తిన వేసికొనుట సామాన్యము కాదు. 1913 లో ప్రభుత్వమువారు రావుసాహెబ్ బిరుదమునిచ్చిరి. తరువాత కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి.

కొండలు ఆయననుండి పుచ్చుకొన్నది వేరొకటి కలదు. సవర పల్లెలలో తిరుగుటవలన మన్యపు జ్వరము పట్టుకొనెను. దానికి క్వినైను తప్ప అప్పుడు మందు లేదు. మితిమీరి క్వినైను సేవించుటచే ఆయన చెవులు పోయినవి. చెవియే సాధనముగ బ్రదికినవాడు చెవిటివాడయ్యెను. చిత్రకారునికి కనులు పోయినట్లు, గాయకునికి గొంతు పోయినట్లని చెప్పిన చాలదు. గొంతు బిగబట్టి పలికిన హల్లునకును, పలుకక విడిచినదానికిని భేదము చెవి యొక్కటే చెప్పగలదు. పని అప్పటికింకను ముగియలేదు. ఇంకెవరైనను ఆ కాగితములను కట్టకట్టి అటక నెక్కించియుందురు. పంతులుగారు విడువలేదు. కుమారులు సీతాపతిగారు సవరభాషను నేర్చి ఈ కృషియందు పాలుగొనిరి.

ఇంతలో మఱియొక పోరాటము ఆయనను చుట్టుకొనెను. 1906 ప్రాంతమున యేట్సు అను పాఠశాలల పరీక్షకాధికారి, పుస్తకములలోని తెలుగు జనుల నోటి తెలుగువలె ఏల లేదని ప్రశ్నించుటతో మొదలైన ఆ కథ అందరెరిగినదే. పంతులుగారు 1911 లో ఉద్యోగము విరమించి, శేషజీవితమును వ్యావహారిక భాషోద్యమమునకు ధారపోసిరి. 1919 లో తెలుగు అను పత్రికను నడపిరి. పండితులు మండిపడిరి. గ్రాంథికము రానివాడు కనుకనే దానిని నిందించుచున్నాడనిరి. ఆయనయో పండితుల గ్రాంథికములోనే తప్పులెన్ని చూపి వారి నోరు మూయించిరి. ఆయన జీవితమును ఈ గ్రాంథికమున వ్రాయుచున్న మాకును కొంత జంకుగనే యున్నది.

ఈ రెండు కృషులను వేరువేరుగ జెప్పుట వాడుక. మాకట్లు తోచదు. లిపియే లేని సవరభాషకు ఇంత పటిష్ఠమైన నియమముండగా, కోట్ల జనుల నోట నాడు తెలుగునకు మాత్రము నియమము లేదనుట ఎట్లు? పుస్తకమున నెక్కనంతమాత్రమున పలుకు అపభ్రంశము కాదని ఆయనకు మొదట చెప్పినది సవరగురువే యని మా యూహ. శ్రీ వివేకానందస్వామియు 1900 లో ఉద్బోధన పత్రికకు వ్రాసిన లేఖలో వంగభాషను గూర్చి వాడుకపలుకునకే పట్టము గట్టిరి. ఒకే సంవత్సరమున జన్మించిన వీరిరువురు ఒకరినొకరు ఎరుగకయే ఒకే మార్గమును చూచిరి.

1931 లో మద్రాసు ప్రభుత్వమువారు పంతులుగారి సవరభాషా వ్యాకరణమును అచ్చువేసిరి. ఇంగ్లీషున వ్రాయబడిన ఆ గ్రంథము దేశాంతర విశ్వవిద్యాలయములకు చేరినది. 1967 లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున స్టారోస్టా అను పండితుడు సవర వాక్యనిర్మాణముపై పరిశోధన గ్రంథము సమర్పించెను. ముండా భాషలపై పనిచేయువారికి పంతులుగారి పుస్తకము నేటికిని తప్పనిసరి. సవరభాష నాడువారు 2011 జనాభా లెక్కలలో సుమారు 4 లక్షలమంది. హో నాడువారు సుమారు 14 లక్షలమంది. 21 వ శతాబ్దారంభమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గిరిజన బాలురకు మాతృభాషలో తొలిచదువు చెప్పింప బూనినపుడు ఎన్నుకొనిన భాషలలో సవరయు నొకటి. పంతులుగారు సొంత డబ్బుతో ఆరంభించిన పనికిని దానికిని నడుమ గడచినది ఇంచుమించు నూరేండ్లు.

1936 ఏప్రిలులో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరినది. దానిని పంతులుగారు తుదివరకు ప్రతిఘటించిరి. ఏబదియారు సంవత్సరములు బ్రదికిన ఊరిని, ఆ రాష్ట్రము అవతరించిన నాటి ఉదయముననే విడిచి రాజమహేంద్రవరమున కుమారుని యింటికి చేరిరి. అప్పటికి వయస్సు డెబ్బదిరెండు. ఊరు విడిచినను సవరలను విడువలేదు. 1938 లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. ఆ సంవత్సరముననే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో ఆయనను గౌరవించినది. విశ్వవిద్యాలయపు గడప ఆయన విద్యార్థిగ నెన్నడును త్రొక్కలేదు. డెబ్బదియైదవ యేట సన్మానితుడుగ త్రొక్కిరి. ఆ నిఘంటువులోని పలుకులు ఒకప్పుడు తన యింటి అరుగుమీదను, కొండపల్లెల వాకిండ్లలోను ఆయన చెవులార వినినవి. అచ్చయి చేతికి వచ్చునాటికి ఎవరైనను వానిని బిగ్గరగ చదివి వినిపించినను ఆయనకు వినబడుట దుర్లభము. కంటితోనే చదువుకొనియుందురు.

1940 జనవరి 15 న చెన్నపట్టణమున ప్రజామిత్ర కార్యాలయమందు పత్రికాసంపాదకులతో సమావేశమై, జనుల భాషనే పత్రికలలో వాడుడని తుది విన్నపము చేసిరి. పిదప వారము దినములకు, జనవరి 22 న, దేహము చాలించిరి. ఆయన జన్మదినమగు ఆగస్టు 29 ని తెలుగువారు నేడు తెలుగు భాషాదినముగ జరుపుకొనుచున్నారు. కొండమీది సవర పల్లెలలో ఆ దినమున ఏ పలుకున పండుగ జరుగుచున్నదో, జంషెడ్‌పురపు తెలుగు పిల్లలు ఆంధ్రభక్త మందిరమునకు పోవు త్రోవలో హో అవ్వ యొద్ద ఆకుకూర కొనుచు జోమ్ అను మాటను ఎన్నడైన విని నిలిచిరో, తెలిసికొని వ్రాయు పాఠకుల జాబులకై ఎదురు చూచుచుందుము.